తొమ్మిది దండాలు

ఆ రోజుల్లో ఇల్లు కదలకుండా, ఊరు దాటకుండా మనిషి ఒక రాష్ట్రంలో పడుకుని ఇంకో రాష్ట్రంలో నిద్ర లేవచ్చునని మా గంజాం జిల్లా వాళ్లకి కొత్తగా తెలిసింది. నిన్నటిదాకా మద్రాసు వాళ్లం, తెల్లారేసరికి ఒరిస్సా వాళ్లం. బరంపురంలో నేను పనిచేసే సర్కారు కచేరీకి మాత్రం ఈ సంగతి పూర్తిగా ఎక్కలేదు. బీరువాల నిండా మద్రాసు పేరు అచ్చయిన కాగితాలు మిగిలిపోయాయి, వాటిని పారెయ్యడానికి మా పెద్ద గుమాస్తాగారికి మనసొప్పలేదు. అందుకని ప్రతి కాగితం మీదా ఆ పేరును టైపుమిషనుతో టకటకా కొట్టేసి, పక్కన ఒరిస్సా అని వెయ్యడం నా ఉద్యోగంలో సగం. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. పాతదాన్ని కొట్టేసి పక్కన కొత్తది వేసేస్తే పని అయిపోయినట్టే అనుకునే అలవాటు నాకు అక్కడే అబ్బిందేమో. (కాగితం వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే మద్రాసు శుభ్రంగా కనపడేది. ఎవరూ ఎత్తి పట్టుకోకూడదని నా ప్రార్థన.)

మా అమ్మది చమఖండి, సముద్రపొడ్డు పల్లె. నా చిన్నప్పుడే నాన్న పోతే, ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని బరంపురం వీధులు తిరిగి నన్ను మెట్రిక్ దాకా చదివించింది. ఒక వానాకాలం జబ్బుపడి క్రైస్తవ మిషను ఆసుపత్రిలో నెలన్నర ఉండి, లేచాక అక్కడే వంటగదిలో పనికి కుదిరింది. అక్కడ పొద్దుటిపూట ప్రార్థనలు విని విని ఒకనాడు ఆ దేవుణ్ణి నమ్మింది. నమ్మడమంటే మా అమ్మకి ఒకటే రకం. ఇంట్లో గూటిలో ఉన్న గంగమ్మను కడిగి, కొత్త గుడ్డలో చుట్టి, చమఖండి వెళ్లి తమ్ముడి చేతిలో పెట్టింది. "నా మనసు ఇంకోసోటికి ఎలిపోనాదిరా తమ్ముడూ. మనసు లేని ఇంట్లో తల్లిని ఉంచకూడదు. నీ కాడైతే పూజందుతాది," అంది. మామయ్య ఏడ్చాడు, అమ్మా ఏడ్చింది, తర్వాత ఇద్దరూ కూర్చుని చేపల పులుసుతో అన్నం తిన్నారు. బాప్తిస్మానికి పాస్టరుగారు ఆరునెలలు ఆగమంటే ఆగింది గానీ, ఆవిడ వరకు ఆ పని చమఖండి నుంచి తిరిగొచ్చిన రోజే అయిపోయింది.

నా సంగతి వేరు. నేనూ నిజంగానే నమ్మాను, అమ్మ కోసమని కాదు. కానీ ఆదివారం చాపెల్లో పులిలా ఉండే నా నమ్మకం సోమవారం కచేరీ మెట్లెక్కేసరికి పిల్లిలా అయిపోయేది. అక్కడ ఎవరికీ చెప్పలేదు. కొత్త రాష్ట్రంలో టైపు ఉద్యోగమంటే మాటలు కాదు, నా కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని బయట బోలెడుమంది చూస్తున్నారు. మా పాస్టరుగారిని అందరం అయ్యగారు అనేవాళ్లం. అస్కా వైపు చెరకు పొలాల మధ్య పుట్టిన మనిషి, మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ గంభీరమైన విషయం రాగానే పుస్తక భాషలోకి ఎక్కిపోయేవారు. "దేవునికి సగము హృదయము ఇచ్చుట అనునది లేదు నాయనా. ఇచ్చినట్లా, ఇయ్యనట్లా, అంతే," అనేవారు. చొక్కా కింద పాత తాయెత్తు దాచుకున్న ఒకాయనకి బాప్తిస్మం ఏడాది వాయిదా వేసిన ఘనత ఆయనది. నాకు దసరా వెళ్లాక వచ్చే ఆదివారం, గోపాలపురం సముద్రంలో అని నిర్ణయించారు. ఆ రోజు కోసం నేను ఎంత ఎదురుచూశానో, మధ్యలో ఉన్న దసరాకి అంత భయపడ్డాను.

ఎందుకంటే దసరా సెలవులకి ముందురోజు మా కచేరీలో ఆయుధ పూజ. కలాలు, సిరాబుడ్లు, రూళ్లకర్రలు, ముద్రలేసే మొహర్లు, కచేరీ జవాను సైకిలు అన్నీ వరండాలో తెల్లగుడ్డ మీద పేర్చేవారు. ఎవరి పనిముట్టుకి వాళ్లే స్వయంగా బొట్టు పెట్టి దండం పెట్టాలి. ఇది మా పెద్ద గుమాస్తాగారు పెట్టిన రివాజు. ఆయన ఇంట్లో తెలుగువారే అయినా, ఒడియాలో పెద్ద గుమాస్తాని బడబాబు అంటారు గనక, కొత్త రాష్ట్రం వచ్చాక ఆ పిలుపు ఆయనకి బాగా నచ్చేసి అదే ఖాయమైంది. ఆ రోజుకి సెలవడిగితే ఇవ్వనన్నారు. సాయంత్రం నాలుగింటికి పోయే డాకులో, అంటే టపాలో, సెలవులకి ముందు పంపాల్సిన కాగితాలు గుట్టగా ఉన్నాయి. పోనీ అమ్మకి ఒంట్లో బాగాలేదని చెబుతానంటే, అమ్మ చేతిలో గరిటె అలాగే పట్టుకుని నావైపు తిరిగింది.

"దేవుడి కోసం అబద్దమాడతావేట్రా? నాను పోతులాగున్నాను కదా, నాకేటయ్యిందని సెప్తావు? ఆ బడబాబు కాడికెల్లి ఉన్న మాట సెప్పు. ఏటి, మింగేత్తాడా?"

మింగేస్తారనే నా అనుమానం. రాత్రంతా ఆలోచించి (అంత ఆలోచన దేవుడి గురించి ఎప్పుడూ చెయ్యలేదు) ఒక ఉపాయం కనిపెట్టాను. టైపుమిషనుంటే కదా దానికి దండం పెట్టాలి. మిషనే లేకపోతే? మర్నాడు అందరికంటే ముందు వెళ్లి, కాగితాల పని చాలావరకు గబగబా పదింటికల్లా కానిచ్చి, స్క్రూడ్రైవరు పట్టుకుని, చప్పుడు చేస్తోందన్న వంకతో మిషను విప్పడం మొదలుపెట్టాను. మిగిలిన ఏడు కాగితాలు పూజయ్యాక మిషను బిగించి కొడదామనుకున్నాను. రోలరు, రిబ్బను చక్రాలు, కమ్మీలు, స్ప్రింగులు, గంట ఒక్కొక్కటే ఊడదీసి పాత పేపరు మీద పరిచి, కిరసనాయిలు గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను. అంతకుముందు నేను ఏ మిషనూ విప్పలేదు. విప్పడం ఇంత సులువని నాకు తెలియదు. పూజవేళకి నా ముందు నలభై మూడు ముక్కలున్నాయి, ముఖాన మాత్రం గెలిచినవాడి కళ ఉంది.

బడబాబు గంధం గిన్నెతో వచ్చి ఆ దృశ్యం చూసి ఆగిపోయారు. "ఏటిది టైపుబాబూ? కణ హేలా?" అన్నారు. ఆయనకి కంగారొస్తే ఏమైందన్న ప్రశ్న రెండు భాషల్లోనూ వచ్చేది.

"చప్పుడు చేస్తోందండి. శుభ్రం చేస్తున్నానండి. ఇలా ఉంటే పూజకి పనికిరాదు కదండి, దీన్ని ఈ ఏటికి వదిలేద్దామండి," అన్నాను. ఈ మాటలు పొద్దుటినుంచి పదిసార్లు మనసులో అనుకున్నవే.

ఆయన ముఖంలో కోపం వస్తుందనుకున్నాను. జాలి వచ్చింది. పంచె సర్దుకుని నా పక్కనే నేలమీద కూర్చున్నారు. "అదేటి మాట. ఒళ్లు బాగున్నోడికి మొక్కి, జబ్బుపడ్డోడిని ఒగ్గేత్తామా? పాపం, దీనికే ముందు సెయ్యాల. ఏ ముక్కలో ఏ నలతుందో మనకేటి తెలుసు. అన్నిటికీ ఎట్టేసీ. ఒక్కటీ ఒగ్గకు," అని కుంకం పళ్లెం నా చేతిలో పెట్టారు. అప్పటికి కచేరీ అంతా నా చుట్టూ చేరింది. ఒక్క దండం తప్పించుకోవడానికి పొద్దుటినుంచి చెమటోడ్చి నలభై మూడు దండాలు సంపాదించుకున్నానని నాకు అప్పుడు అర్థమైంది.

ఇక్కడ నేను ఏ వీరుడి మాటో అన్నానని రాసుకోవాలని ఉంది. అనలేదు. రోలరుకి బొట్టు పెట్టి, చెయ్యి నుదుటికి ఆనించాను. ఒకటి. ఎడమ చక్రం, కుడి చక్రం. మూడు. ప్రతి బొట్టుకీ తలెత్తి బడబాబు ముఖం చూస్తున్నాను, ఆయన బాగుందన్నట్టు తల ఊపుతున్నారు, నేను ఇంకోటి పెడుతున్నాను. అమ్మ గంగమ్మను గుడ్డలో చుట్టుకుని నడిచి వెళ్లడం గుర్తొచ్చింది, గుర్తొచ్చినా నాలుగు, అయిదు, ఆరు అయిపోయాయి. తొమ్మిదయ్యాక పదోది గంట. దాని చిన్న సుత్తితో సహా ఒకే ముక్కగా ఊడింది. బొట్టు పెట్టడానికి వేలు ఆనించానో లేదో అది టింగుమంది.

టైపు కొట్టేవాళ్లకి ఆ గంట సంగతి తెలుస్తుంది. వరస చివరికి వచ్చింది, ఇంక కొడితే అక్షరాలు కాగితం అంచు దాటిపోతాయి, ఆగి వెనక్కి రా అని చెప్పేది అదే. రోజుకి కొన్ని వందలసార్లు దాని మాట విని ఆగినవాణ్ని. చెయ్యి అలవాటు ప్రకారం గాలిలోనే ఆగిపోయింది. ఒకసారి ఆగాక మళ్లీ కదలలేదు. నేను ఆపానని చెప్పను, నా వేళ్లకి నాకంటే క్రమశిక్షణ ఎక్కువ. పళ్లెం నేలమీద పెట్టేశాను.

"బడబాబుగారూ, నేను దీనికి దండం పెట్టలేనండి. వచ్చే ఆదివారం బాప్తిస్మం తీసుకుంటున్నానండి. నాకు ఒక్క దేవుడేనండి. ఇందాక పెట్టినవి కూడా పెట్టకుండా ఉండాల్సిందండి."

బడబాబు గంధం గిన్నె కింద పెట్టి, "మరి మిషనుని ఎందుకిప్పినావు?" అని అడిగారు.

"దండం పెట్టకుండా తప్పించుకుందామనండి."

ముందు జవాను నవ్వాడు. తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. బడబాబు మాత్రం నవ్వలేదు. "మీయమ్మ మిషనాసుపత్రిలో వండుతాది. నువ్వు ఆదివారం సంకలో పుస్తకమెట్టుకుని ఎల్తావు. బరంపురంలో ఇది తెలీనోడు ఎవుడున్నాడు? నువ్వే వచ్చి సెప్తావని ఇన్నాళ్లూ సూత్తన్నాను. 'నాకు కుదరదండీ' అంటే సరిపోయేదానికి సర్కారు మిషనుని నలభై ముక్కలు సేసినావు."

"నలభై మూడండి," అన్నాను. "నా ఉద్యోగం..."

"నీ ఉద్యోగానికేటి? నాలుగింటికి డాకెల్లాల, ఇంకా ఏడు కాగితాలున్నాయి. ఆ దండాలేవో నాను ఎట్టుకుంతాను, నువ్వు బిగించు."

మిగిలిన ముక్కలన్నిటికీ ఆయనే భక్తిగా బొట్లు పెట్టారు. ఆయన పెట్టి ఇటిస్తుంటే నేను బిగిస్తూ వచ్చాను, జవాను స్క్రూలు అందించాడు. నా గుండె మీదనుంచి బస్తా దించినట్టుంది. చేతులు ఎంత తేలికయ్యాయంటే, ఎప్పుడూ విప్పని మిషను మూడున్నరకల్లా నిలబడింది. గంధం, కుంకం అక్షరాల సందుల్లో చేరిపోవడంతో ఆ రోజు మా కచేరీ నుంచి వెళ్లిన కాగితాల్లో గుండ్రటి అక్షరాలన్నిటికీ పొట్టలు ఎర్రగా నిండి ఉన్నాయి. పైవాళ్లు ఏమీ అడగలేదు. ఒరిస్సాలో ఇలాగే కొడతారు కాబోలనుకుని ఉంటారు.

కానీ అసలు గండం ఇంకా ఉంది. ఆ తొమ్మిది దండాలు. అయ్యగారికి చెప్పకుండా సముద్రంలో దిగలేను, చెబితే తాయెత్తు ఆయనలాగా ఏడాది ఆగాలి. కచేరీ నుంచి నేరుగా ఆయన ఇంటికి వెళ్లి, నిలబడే మొత్తం చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, చాలాసేపు నా వేళ్లకంటిన కుంకం చూశారు.

"తొమ్మిదేనా?"

"తొమ్మిదేనండి. పదోది పెట్టలేదండి."

"ఆ తొమ్మిదీ పెట్టినప్పుడు నీవు మిషనును దేవుడని అనుకొంటివా?"

"లేదండి. బడబాబుగారి ముఖమే చూస్తున్నానండి. ఆయన తల ఊపుతున్నారా లేదా అని."

అయ్యగారు పుస్తక భాష వదిలేసి కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "అదేరా మరి నీ విగ్రహం. మీయమ్మది గూట్లో ఉండేది గనక తీసుకెళ్లి తమ్ముడికి ఇచ్చేసింది. నీది ఇచ్చేద్దామంటే ఎవుడికి ఇస్తావు? ఎక్కడికెళ్తే అక్కడికి నీతోపాటే వస్తాది." గొంతు తగ్గించారు. "నాకూ ఉంది. ప్రసంగం చేసేటప్పుడు ముందువరసలో మన మిషను దొరగారు తల ఊపుతున్నారా లేదా అని చూస్తుంటాను. ఊపకపోతే ఆ పూట అన్నం సయించదు."

వాయిదా మాట ఎప్పుడొస్తుందా అని నేను ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను. ఆయన లేచి, "ఆదివారం పొద్దున్నే రా. తువ్వాలు తెచ్చుకో," అన్నారు. బయటికొచ్చాక వీధి మలుపు దాకా ఓపిక పట్టి, తర్వాత మా ఇంటిదాకా పరిగెత్తాను. విని అమ్మ ఇంకో గరిటె పులుసు ఎక్కువ పోసింది.

ఆదివారం గోపాలపురంలో సముద్రం పోటు మీద ఉంది. అస్కా చెరకు తోటల్లో పెరిగిన అయ్యగారికి అలలంటే భయమని నీళ్లలో దిగాకగానీ నాకు తెలియలేదు. రెండో అలకే ఆయన కాళ్లు తేలాయి. నన్ను ముంచవలసిన మనిషిని నేనే నడుం పట్టుకుని నిలబెట్టాను, చేపలవాళ్ల బిడ్డని కదా. నా భుజం గట్టిగా పట్టుకునే ఆయన అడిగారు, దేవుణ్ణి ఒక్కణ్ణే పూర్ణహృదయంతో సేవిస్తావా అని. సేవిస్తానన్నాను. మునిగి లేచాను. కళ్లలో ఉప్పునీళ్లు, ఒడ్డున ఎవరున్నారో, ఎవరు ఏమనుకుంటున్నారో చూడలేదు, చూడాలనీ అనిపించలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరి ముఖమూ చూడకుండా నేను గడిపిన మొదటి నిమిషం అదే. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఒక నిమిషమే లెండి. సెలవులయ్యాక కచేరీ తెరిచిన రోజు మెట్లెక్కుతూనే బడబాబు ముఖం ఎలా ఉందోనని తొంగి చూశాను. ఇప్పుడు ఆయన లేరు, అయ్యగారూ లేరు, అమ్మ కూడా వెళ్లిపోయింది. నేను చూసి భయపడాల్సిన ముఖాలు పెద్దగా మిగల్లేదు. దేవుడొక్కడే చాలు అని ఇంత వయసొచ్చాక గట్టిగానే చెప్పగలను. చెప్పగలను గానీ, ఇది రాస్తున్నంతసేపూ, చదివేటప్పుడు మీరు నవ్వుతారా లేదా అని మీ ముఖాలు ఊహించుకుంటూనే ఉన్నాను.