పై రేకు మీద చుక్క

ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ చుక్కాయన అనేవారు. స్టోరుకు స్టీలు రేకులు రాగానే పరీక్ష మందు సీసాతో వెళ్లి, రేకును గీకి అక్కడ ఒక చుక్క వేసేవాడు. చుక్క ఎర్రబడితే రేకులో మాలిబ్డినమ్ అనే లోహం ఉన్నట్టు. క్రోమియం, నికెల్ ఎలాగూ ఉంటాయి కానీ, వేడి సల్ఫ్యూరిక్ యాసిడ్ ముందు ఆ రెండే చాలవు. నూటికి రెండు పాళ్లు మాలిబ్డినమ్ కలిస్తేనే స్టీలు తట్టుకుంటుంది. ఉన్న రేకూ లేని రేకూ కంటికి కవలపిల్లలే.

"పొద్దున్నే చుక్కేశావా బావా?" అని వెల్డింగ్ షాపులోంచి చెల్లెలి మొగుడు వేళాకోళం చేసేవాడు.

"నువ్వు అతుకు సరిగ్గా వెయ్యి, చాలు."

"నా అతుకు నీ చెల్లెలి పంతంలాంటిది. వదలదు."

ఆ అతుకే వదిలిందన్నారు. అతను కట్టిన ట్యాంకు తొమ్మిది నెలలకే అతుకు పక్కన చీలి, కింద పంపు బిగిస్తున్న అతని మీదే యాసిడ్ కుమ్మరించింది. మూడో రోజు పోయాడు. చేతకాని వెల్డింగ్ అని విచారణ కమిటీ తేల్చింది. ఆయుష్షు తీరిందని పరామర్శకు వచ్చినవాళ్లు తేల్చారు. ఎవరివల్ల తీరిందో అడగనక్కర్లేని మాట అది.

"ఆయన పని అలా ఉండదన్నయ్యా. నువ్వే చూసి చెప్పు" అంది చెల్లెలు.

చూడాలంటే చుక్కాయనకి భయం. పన్నెండు రేకులు దొంతరగా వస్తే పై రేకుకే చుక్క వేయడం అలవాటు. కిందివాటికి క్రేన్ కావాలి, దానికోసం పడిగాపులు పడాలి. రిజిస్టరులో మాత్రం పన్నెండూ సరే.

నెల తిరిగాక ట్యాంకు నుంచి మూడు ముక్కలు కోయించాడు: అతుకు, దానికి అటూ ఇటూ ఉన్న రేకులు. తూచి, వేడి యాసిడ్‌లో రెండు రోజులుంచి, మళ్లీ తూచాడు. అతుకు తగ్గింది వెంట్రుకవాసి. కుడి రేకూ అంతే. ఎడమ రేకు గరుకుగా, పల్చబడి బయటికొచ్చింది. కడిగి చుక్క వేశాడు. ఎర్రబడలేదు.

తప్పుడు రేకు ఎలా కలిసిందో తెలియదని రాసినా సరిపోయేది. పన్నెండింటిలో పై రేకే పరీక్షించానని రాశాడు. ఆ కాగితం కమిటీకంటే ముందు చెల్లెలికిచ్చాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి రెండుసార్లు చదివింది.

"అయితే ఆయన అతుకు నిలబడింది."

"నిలబడిందమ్మా."

"మిగతా పదకొండూ చూడలేదా?"

"లేదు."

కాగితం మడిచి అన్న చేతిలో పెట్టింది. "రేపు కమిటీకిచ్చెయ్యి. ఇచ్చాక కొన్నాళ్లు ఇటు రాకు."

ఎన్నాళ్లో ఆయన అడగలేదు.

కాగితం కమిటీకిచ్చాక ఆయన్ని ఆరు నెలలు సస్పెండ్ చేసి మళ్లీ పనిలోకి తీసుకున్నారు. అప్పట్నుంచి ప్రతి రేకునూ క్రేన్‌తో లేపించి చుక్క వేసేవాడు. క్రేన్ వాళ్లు విసుక్కునేవారు. వేళాకోళం చేసేవాళ్లు మాత్రం లేరు.