నేను తిప్పేసిన పేజీ

మా వీధి లేసు మామ్మగారు పోయారని మొన్న మంగళవారం పొద్దున్న, స్కూల్లో ప్రార్థన జరుగుతుండగా తెలిసింది. ఫోను చేసింది మా పాలాయన. "నిద్దట్లోనే వెళ్ళిపోయారండి, తలుపు కొడితే పలకలేదు" అన్నాడు. ఫోను బ్యాగులో పెట్టేసి పిల్లలతో పాటు ప్రార్థన పూర్తి చేశాను. ఏడుపు రాలేదు. ముందుగా నాకు కలిగింది, చెప్పుకోవడానికి నోరు రావడం లేదు గానీ, ఒక తేలిక. ఇక ఆవిడ ముఖం చూడనక్కర్లేదన్న తేలిక. వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. అది ఇప్పటికీ వదలలేదు. చర్చిలో ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే లేవలేకపోయాను. అందుకే మీకు రాస్తున్నాను.

నరసాపురంలో మాదీ ఆవిడదీ పక్కపక్క వాటాలు. సాయంత్రమైతే అరుగు మీద గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని లేసు అల్లేవారు. తల ఎత్తకుండానే అడుగుల చప్పుడును బట్టి మనిషిని పోల్చేవారు. నేను గేటు తీస్తుంటేనే, "ఇవాళ పిల్లల్ని గట్టిగా తిట్టొచ్చినట్టున్నారు టీచరమ్మా" అనేవారు. నిజంగానే తిట్టి వచ్చేదాన్ని.

ఆవిడ కూతురు జబ్బు చేసి పోయేనాటికి మనవరాలికి రెండేళ్ళు. అల్లుడు పిల్లని అమ్మమ్మ దగ్గర వదిలి ఉద్యోగానికి సామర్లకోట వెళ్ళాడు, అక్కడే మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పిల్లకి ఏడేళ్ళు వచ్చాక, ఇక తన దగ్గరే ఉంచుకుంటానని వచ్చాడు.

తండ్రి ఉండగా అమ్మమ్మకి హక్కేంటని వీధంతా అన్నాం. ఆవిడ మాత్రం ఒక లాయరుగారిని కలిసి వచ్చి, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి చెప్పారు. "అడిగే హక్కు ఉందంటండి. అమ్మమ్మైనా, మేనత్తైనా పిల్ల కోసం కోర్టుని అడగొచ్చంట. ఎవరి దగ్గరుంటే పిల్లకి మంచిదో జడ్జిగారు చూస్తారంట. నా దగ్గరెలా పెరుగుతుందో మీరు రోజూ చూస్తున్నారు కదండీ. అది చెప్తే చాలు."

పక్కింటిదాన్ని, పైగా పిల్ల క్లాసు టీచర్ని. అలా నేను ఆవిడ సాక్షినయ్యాను.

నేను రోజూ చూసింది ఇది. హోంవర్కు అయ్యాక తనూ లేసు అల్లుతానని పిల్ల పేచీ పెట్టేది. వేలికి గుచ్చుకోకుండా మామ్మగారు ఒక పాత సూది మొనని రాతి మీద అరగదీసి ఇచ్చారు. దాంతో ఉత్త చైను, అంటే ఉచ్చులోంచి ఉచ్చు లాగిన ఒంటి వరస, మాత్రమే అల్లాలి. ఒక్కోరోజు ఆ చైను గుమ్మం దాకా సాగేది. అన్నాలకి లేచే ముందు మామ్మగారు కొస పట్టుకుని లాగితే అంతా సర్రున విడిపోయేది. పిల్ల పడీ పడీ నవ్వేది. అంత కష్టపడి అల్లింది ఎందుకు విప్పేస్తారని ఒకసారి అడిగాను. "చంటిదాని పని అమ్ముకోకూడదండి. ఒక్క ముడైనా సరే" అన్నారు. ఆ సూదితో నేనూ ప్రయత్నించాను. నాది పిల్ల చైను కన్నా వంకరగా వచ్చింది. ముగ్గురం నవ్వుకున్నాం.

కోర్టులో అవతలి లాయరు అడిగింది రెండు ముక్కలు. "సాయంత్రాలు ఆ పిల్ల చేతిలో లేసు సూది చూశారా?"

"చూశానండి."

"రోజూనా?"

"ఇంచుమించు రోజూనండి."

ఆయన కూర్చున్నాడు. మామ్మగారి లాయరు లేచి, "దాని గురించి ఇంకేమైనా చెప్పాలా అమ్మా?" అన్నారు. అరగదీసిన మొన సంగతీ, విప్పేసే చైను సంగతీ నాలిక చివరనే ఉన్నాయి. కానీ వెనక బెంచీలో అల్లుడి పెదనాన్న కూర్చుని ఉన్నారు. మా స్కూలు కమిటీలో ఆయన మాట చెల్లుతుంది. నా ఉద్యోగం అప్పటికింకా పర్మినెంటు కాలేదు.

"లేదండి" అన్నాను.

అంతసేపూ పిల్లతో బయట మెట్ల మీదే ఉన్న మామ్మగారు సంచీలోంచి మజ్జిగ సీసా తీసి నాకిచ్చారు. "స్కూలు మానుకుని వచ్చారు, తాగండి" అన్నారు. సిగ్గు లేకుండా తాగాను.

తీర్పు ఇంగ్లీషులో వచ్చింది. చదివి చెప్పమని ఆ కాగితాలు నా దగ్గరికే తెచ్చారు. పిల్లని తండ్రికి ఇచ్చారనీ, నెలకో ఆదివారం మీరు వెళ్ళి చూడొచ్చనీ చెప్పాను. పిల్లచేత లేసు పని చేయిస్తున్నట్టు అమ్మమ్మ తరఫు సాక్షే ఒప్పుకుందని ఒక పేజీలో ఉంది. ఆ పేజీ చదవకుండా తిప్పేశాను. పిల్లలు ఒక్క వాక్యం మింగేసినా ఎర్రపెన్నుతో సున్నా చుట్టే ఇంగ్లీషు టీచర్ని నేను.

నా ఒక్క మాట వల్లే అలా జరిగిందని అనను. తండ్రికి స్థిరమైన ఉద్యోగముంది, ఆవిడకి వయసు మీద పడింది. అయినా చెప్పవలసింది చెప్పి ఓడిపోతే అది వేరు. ఆ ఏడాదే నా ఉద్యోగం పర్మినెంటు అయింది. వీధంతా స్వీట్లు పంచాను. మామ్మగారు తీసుకుని నా తల మీద చెయ్యి పెట్టారు.

ఆరేళ్ళ పాటు నెలకో ఆదివారం ఆవిడ మొదటి రైలుకి సామర్లకోట వెళ్ళారు. సంచీలో సున్నుండలు, ఒక దారపుండ, ఆ పాత సూది. తిరిగొచ్చి నాతోనే చెప్పేవారు. "ఈసారి వాళ్ళ వరండా చివరి దాకా అల్లేసిందండి. లాగలేక నా చెయ్యి నొప్పెట్టింది." నేను వంటింట్లో పనుందని లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

మంగళవారం మధ్యాహ్నం తండ్రితో పాటు పిల్ల వచ్చింది. పదమూడేళ్ళది, పొడుగ్గా ఎదిగింది. మామ్మగారిని పడుకోబెట్టిన పెట్టె పక్కన కింద కూర్చుని, అమ్మమ్మ సంచీలోని సూది తీసుకుని చైను అల్లుతోంది. నేను పక్కన కూర్చున్నాను. ఇప్పటికైనా చెప్పాలనిపించింది.

"ఆ రోజు కోర్టులో నేను..."

"తెలుసండి" అంది, తల ఎత్తకుండానే. "పోయినేడాది ఆ కాగితాలు అమ్మమ్మ నా దగ్గరికి తెచ్చింది. ఇంగ్లీషు మీడియం కదా, చదివి చెప్పవే అంది."

"మొత్తం చదివావా?"

"మొత్తమండి. మీరు చెప్పింది ఉన్నచోట రెండుసార్లు చదివించుకుంది."

పోయినేడాది. ఆ తరవాత కూడా నా గేటు చప్పుడికి ఆవిడది అదే పలకరింపు, అదే నవ్వు.

"ఏమన్నారమ్మా?"

"నేను విన్నానని టీచరమ్మకి తెలియనివ్వకు, పాపం నా ముఖం చూడలేరు అందండి."

పాటలు మొదలయ్యాయి. పెట్టె ఎత్తడానికి మనుషులొచ్చి, కాస్త జరగండమ్మా అన్నారు. పిల్ల అల్లడం ఆపి దారం కొస నా చేతిలో పెట్టింది.

"అమ్మమ్మ లాగేసేది కదండీ" అంది. "ఇవాళ మీరు లాగండి."

కొస వేళ్ళ మధ్య పట్టుకుని అలాగే ఉండిపోయాను. చైను పిల్ల ఒడిలోంచి కిందికి దిగి, పెట్టె పక్కగా గుమ్మం దాకా పరుచుకుని ఉంది.