ఆరున్నొకటి

మొన్న ఆదివారం నందిగామ నుంచి ఒకమ్మాయి జగ్గయ్యపేటలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆంత్రోపాలజీలో ఎమ్మే చేసి ఈమధ్యే పరిశోధనలో చేరిందట, ఒకప్పుడు నేను అందుకున్న అవార్డుకే తనూ దరఖాస్తు పెడుతోందట, మా గైడు మేడమే నా పేరు చెప్పి పంపారట. బ్యాగు ఒళ్లో పెట్టుకుని, అమ్మ ఇచ్చిన కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, ఏం రాయాలో, ఎంత రాయాలో, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో వరసగా అడిగింది. నలుగురిలో నోరు విప్పడం నాకు ఇప్పటికీ కష్టమే గాని, ఎదురుగా ఒక్కరే ఉండి, ఆ ఒక్కరూ నాకన్నా ఎక్కువ బెదురుతూ ఉంటే కాస్త మాట్లాడగలను. తెలిసినంతా చెప్పాను. వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగి, "అక్కా, ఇంటర్వ్యూలో మీరు ఆన్సర్ చెప్పగానే చప్పట్లు కొట్టారంటగా! మేడం ఇప్పటికీ క్లాసులో చెప్తారు. ఏం చెప్పారక్కా?" అంది.

బస్సు పోతుందని తొందరపెట్టి పంపేశాను. ఆ జవాబు తలచుకుంటే నాకు చప్పట్లు వినబడవు, చేతిలోకి తేలిగ్గా లేచి వచ్చిన ఒక రేకు డబ్బా గుర్తొస్తుంది. ఆ పిల్లకి చెప్పలేనిది డైరీలో రాద్దామని కూర్చుంటే ఇంత పొడుగైంది.

మెయిన్ బజారులో మా తాతయ్య పెట్టిన కొట్టు ఉండేది. పప్పులు, బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు. నా చిన్నతనమంతా ఆ కొట్లో వెనకవైపు బస్తాల మీద కూర్చుని కథల పుస్తకాలు చదువుకోవడంలోనే గడిచింది. మిరపకాయల ఘాటుకి కళ్లు మండేవి, పుస్తకంలో ఎవరైనా చచ్చిపోయి నేను ఏడుస్తున్నా ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. ముందువైపు నాన్న కొలుస్తూ ఉండేవారు. మొదటి కొలతకి ఒకటి అనేవారు కాదు, "లాభం" అనేవారు. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆ తర్వాతది "ఆరున్నొకటి". ఏడు అనకూడదు, ఎందుకంటే ఏడు అంటే ఏడవమని చెప్పడం కూడాను. సరుకు అయిపోతే లేదు అనరు, నిండుకుంది అంటారు. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. సాయంత్రం తాళం వేసి వచ్చినా కొట్టు మూశామనరు, కట్టేశామంటారు. నా వయసు వాళ్లకి ఇవి కొన్నయినా గుర్తుండే ఉంటాయి, మన అమ్మమ్మలూ నాయనమ్మలూ మన నోళ్లు మూసి మరీ నేర్పారు కదా. ఒకసారి సందెవేళ ఎక్కాలు వల్లెవేస్తూ కొట్లో గట్టిగా "ఏడూ" అని అరిచినందుకు మా నాయనమ్మ పసుపు చేత్తో నా నోరు మూసేసింది. ఆ పసుపు వాసన చాలాసేపు ముక్కుని వదల్లేదు. తథాస్తు దేవతలు వీధిలోనే తిరుగుతుంటారనీ, మన నోట్లోంచి పోయిన మాట గుమ్మం దాకా వెళ్లి మళ్లీ మనింట్లోకే వస్తుందనీ అంది.

పరిశోధనలో చేరాక నా మొదటి కష్టం డబ్బు. సైన్సు వాళ్లకి ల్యాబులూ ప్రాజెక్టులూ ఉంటాయి, మా చదువులో అడవికో కొండకో వెళ్లేవాళ్లకయితే ఎంతో కొంత దొరుకుతుంది. జాతీయ స్థాయి ఫెలోషిప్ పరీక్ష కొద్దిలో తప్పిపోయింది. హాస్టలుకీ మెస్సుకీ నాన్నే పంపుతున్నారు, ఇంకెంతకాలం పంపగలరో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. అప్పుడు మా గైడు మేడం ఈ అవార్డు సంగతి చెప్పారు. రిటైరైన ఒక మాస్టారు తన భార్య జ్ఞాపకార్థం పెట్టారట, సొంత ఊరిని చదివే పరిశోధక విద్యార్థి ఒకరికి, థీసిస్ అయ్యేదాకా నెలనెలా. కిరాణా కొట్లో ఏముందని ఎవరైనా డబ్బిస్తారు మేడం అని గొణిగితే, "అందరూ అడవికి పోతున్నారు, నీకు మీ కొట్టే అడవి, వెళ్లి చెవులు రిక్కించుకుని కూర్చో" అన్నారు. అనకూడని మాటల మీద రాస్తానని దరఖాస్తు పెట్టాను. ఇది రాకపోతే చదువు మానేసి నందిగామలో ఏదైనా స్కూల్లో చేరిపోతానని అమ్మతో చెప్పాను. అమ్మ ఆ రోజే నాన్నతో చెప్పి ఉంటుంది.

ఇంటర్వ్యూకి పిలుపు వచ్చేలోగా కొంత సేకరించుకుందామని ఆ వేసవంతా కొట్లోనే కూర్చున్నాను. మొదటి వారం నాకు పండగలా ఉంది. ఎవరు ఏమడిగినా నాన్న నోట్లోంచి నాకు కావలసిన మాటే. సగ్గుబియ్యం నిండుకున్నాయమ్మా, రేపు రండి. ధనియాలు నిండుకున్నాయి బాబూ. పల్లీలు ఇప్పుడే నిండుకున్నాయండీ. ఎన్ని రకాలుగా అంటున్నారో, ఏ సరుకుకి గొంతు ఎలా మారుతోందో రాసుకుంటూ మురిసిపోయాను. ఆ తర్వాత కందిపప్పు నిండుకుంది. జగ్గయ్యపేటలో, మా కొట్లో, కందిపప్పు. నా పెన్ను ఆగింది. రేపు రమ్మన్నవాళ్లు మర్నాడు వచ్చారు, మళ్లీ రేపు రమ్మన్నారు, ఆ తర్వాత వాళ్లు రాలేదు. ఫోన్లో నొక్కితే ఇంటికి సంచీ వస్తున్న రోజులు మొదలయ్యాయి, హైవే మీద మార్టులు లేచాయి.

మా వెనకవీధి పిన్నిగారొక్కరే మానకుండా వచ్చేవారు. ఆవిడ నోటికి హద్దు ఉండేది కాదు.

"ఏంటండీ అన్నయ్యగారూ, మీ కొట్లో అన్నీ నిండుకుంటూనే ఉన్నాయి, నా సంచొక్కటే నిండట్లేదు!"

"నీ సంచి పెద్దదమ్మా, అందుకని."

"ఆఁ, సంచి పెద్దదే, మా ఆయన జీతమే చిన్నది. పోనీ చింతపండన్నా ఉందా, అదీ నిండుకుందా?"

"ఉందుంది. దానికేం, బోలెడుంది."

అందరం నవ్వాం. నాన్న నవ్వుతూనే లోపలికి వచ్చి, చింతపండు బుట్ట అడుగు దాకా చెయ్యి పెట్టి తీశారు. గోళ్లు బుట్ట అడుగున గీసుకున్న చప్పుడు వెనక కూర్చున్న నాకు వినిపించింది.

అప్పటినుంచి చూడకూడదనుకున్నవన్నీ కనిపించసాగాయి. నేను పుట్టకముందు నుంచీ తరతరాలుగా ఆ కొట్లో ఒక పిల్లి ఉండేది, ఒకటి పోతే దాని కూన. ఆ వేసవిలో అది రావడం మానేసింది. గింజల్లేని చోటికి ఎలుక రాదు, ఎలుకల్లేని చోట పిల్లికేం పని. మిరపకాయల ఘాటు కూడా పలచబడింది, వెనక కూర్చుని ఎంతసేపు చదువుకున్నా కళ్లు మండడం లేదు. ముందు వరసలో మాత్రం పసుపురంగు రేకు డబ్బాలు ఎప్పటిలాగే మెరుస్తూ ఉండేవి, నాన్న రోజూ తుడిచేవారు. ఒకరోజు కింద ఊడవబోయి పెసరపప్పు డబ్బాని రెండు చేతులా పట్టుకుని నడుం బిగించి ఎత్తాను. అది గాలిలా లేచి వచ్చి గడ్డానికి తగిలినంత పనైంది. తలెత్తి చూస్తే గల్లాపెట్టె దగ్గర నుంచి నాన్న నన్నే చూస్తున్నారు. "అది అక్కడే ఉండనీ అమ్మా, ముందు వరస బాగుండాలి" అన్నారు. నిండు డబ్బాని దించినట్టు మెల్లగా, బరువుగా దించాను. మిగతావి ఎత్తి చూడలేదు, చూడకుండానే తెలిసింది. కొట్టు నడుస్తోందని నేను నమ్మినంతకాలమే ధైర్యంగా చదువుకుంటాను, మూత పడిన కొట్టు మీద పరిశోధన అంటే అవార్డు వాళ్లు నవ్వుతారు, ఇదీ ఆయన లెక్క. అందుకని ఆ ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆయన ఖాళీ డబ్బాలు తుడుచుకుంటూ పొద్దున్నే తలుపు తీస్తున్నారు. నాకు తెలిసిందని ఆయనకి తెలుసు. పైకి అంటే మాత్రం, అదే మాట తిరిగి గుమ్మంలోకి వస్తుంది.

ఒక మధ్యాహ్నం నాయనమ్మ, అంతసేపు ఏం రాస్తున్నావే చదివి వినిపించమంది. దీపం, గాజులు, బియ్యం అన్నీ చదివాను. పక్కనే నాన్న పొట్లాల కోసం పాత పేపర్లు చింపుతున్నారు. ఇంకా ఏముందే అంటే, దాచడం చేతకాక, చివరి ప్రశ్న కూడా చదివేశాను. కొట్టు సాయంత్రం కట్టేస్తే కట్టేశామంటారు, మరి ఇంకెప్పటికీ తెరవకుండా కట్టేస్తే ఏమంటారు? చింపుతున్న కాగితం చప్పుడు ఆగిపోయింది. నాయనమ్మ నా వైపు చూడలేదు, కొడుకు వైపు చూసింది.

"దానికి మాట ఉండదే. అనాల్సినవాడికి అప్పుడు నోరుంటుందా?"

కాసేపటికి కాగితం మళ్లీ చిరగడం మొదలైంది. అమ్ముడుపోని కొట్లో అన్ని పొట్లాలు దేనికో ఆలోచించకుండా ఉండడానికి నేను మళ్లీ పుస్తకం తీశాను.

ఇంటర్వ్యూ హైదరాబాదులో. బస్సు దగ్గరికి నాన్నే వచ్చారు. వెళ్లొస్తానంటే, వెళ్లిరా అని, బస్సు కదులుతుంటే కిటికీ పక్కనే నాలుగడుగులు వేస్తూ, "రిజల్టు ఎప్పుడు చెప్తారు? చెప్పగానే ఫోన్ చెయ్యి. ఎవరికన్నా ముందు నాకే చెయ్యి" అన్నారు. ఏ పరీక్షకీ ఆయన అలా అడగలేదు. దారి పొడుగునా నాకు ఆ గొంతే వినిపించింది. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులుతీరి ఉన్నాయి, అన్నిటి మీదా బస్తాలే, అన్నీ మా ఊరు దాటి ఎక్కడికో పోయేవే.

ముగ్గురు పెద్దవాళ్లు కూర్చున్నారు. అడిగినదానికి సగం మింగి సగం చెబుతున్నాను. ఫీల్డ్‌వర్క్ ఇంకా ఎన్ని నెలలు పడుతుందమ్మా అని అడిగితే కంగారులో "ఆరున్నొకటి సార్" అన్నాను. ముగ్గురూ పకపకా నవ్వారు, "నీ టాపిక్ నిన్నే పట్టుకుందమ్మా" అన్నారు వాళ్లలో ఒక మేడం. ఆ నవ్వుతో నాకు ఊపిరి వచ్చి, లాభం దగ్గరనుంచి కొండెక్కిన దీపం దాకా చెప్పుకుపోయాను. అప్పుడు అందరిలో పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అడిగారు, మరి కొట్టు శాశ్వతంగా మూతపడితే మీవాళ్లు ఏమంటారమ్మా అని.

పసుపు డబ్బాలు కనిపించాయి. నాన్న గోళ్ల చప్పుడు వినిపించింది. "ఆ మాట లేదు సార్" అన్నాను, "అనాల్సినవాడికి అప్పుడు నోరుండదు."

ఆయన బల్ల మీద అరచేత్తో కొట్టి బాగుందన్నారు, మిగతా ఇద్దరూ చప్పట్లు కొట్టారు. మా ఇంట్లో పుట్టి పెరిగి, నా నోటితో 'లేదు' అని అంత స్పష్టంగా అన్నది అదే మొదటిసారని నాకు అప్పుడే తోచింది. ఏసీ గదిలో ఒళ్లంతా చల్లబడింది. ఆ మాట ఎక్కడిదాకా వెళ్లి ఉంటుంది, ఏ గుమ్మంలోకి తిరిగి వస్తుంది అనిపించింది.

భోజనాల వేళకి, నా కోసం అక్కడికి వచ్చిన మా గైడు మేడం వరండాలోకి వచ్చి, నీకే ఇచ్చారని చెప్పి వీపు తట్టారు. వెంటనే ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తారు.

"నాన్నా, వచ్చింది."

"వచ్చిందా?"

"వచ్చింది నాన్నా. థీసిస్ అయ్యేదాకా నెలనెలా ఇస్తారంట."

అటునుంచి, "మంచిదమ్మా. ఇంక కొట్టు కట్టేస్తా. నువ్వు తీరిగ్గా రా" అన్నారు.

వరండాలో నడినెత్తిన ఎండ. కట్టేస్తానన్న మాట దీపాలు పెట్టే వేళ మాట. "భోజనానికా నాన్నా?" అన్నాను, ఎందుకన్నానో తెలిసే అన్నాను. "ఊఁ, భోజనానికే" అన్నారు ఆయన.

సాయంత్రం బస్సు దిగి బజారు మీదుగానే నడిచాను. తలుపు చెక్కలన్నీ వరసగా వేసి ఉన్నాయి, పాత తాళం స్థానంలో కొత్త తాళం. మెట్టు మీద మా పిల్లి కూర్చుని ఉంది, నన్ను చూసి లేచి వెళ్లిపోయింది. ఇంట్లో అమ్మ అవార్డు వచ్చిందని సగ్గుబియ్యం పాయసం చేసింది. వేసవంతా నిండుకున్నాయని ఊరందరికీ చెప్పిన సగ్గుబియ్యం. ఈ రోజు కోసం ఆయన ఒక పొట్లం తీసి ఉంచారన్నమాట. అందరం తిన్నాం. కొట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు, మర్నాడు పొద్దున్న నాన్న స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, తాళంచెవి కోసం మేకు మీదికి చెయ్యి చాచి, ఆ చెయ్యి అలాగే వెనక్కి తీసుకున్నప్పుడు కూడా.

థీసిస్ పూర్తయింది, లైబ్రరీలో ఎక్కడో ఉంది. నాయనమ్మ ఇప్పుడు లేదు. చూశారా, రాసేటప్పుడు నాకూ చెయ్యి ఆగడం లేదు, ఒకప్పుడయితే ఈ వాక్యం ఇలా రాసి ఉండేదాన్ని కాదు. కాలం చేసింది అని రాసేదాన్ని. ఇప్పుడు ఏ సరుకు కావాలన్నా ఫోనే లేదని ముఖం మీద చెబుతుంది, ఏ దేవతో తథాస్తు అంటుందన్న భయం ఎవరికీ లేదు. భయం లేకపోవడం మంచిదే కావచ్చు. నాకే ఎందుకో అలా వినిపించిన ప్రతిసారీ వెన్నులో చల్లగా ఉంటుంది.

నిన్న ఆ అమ్మాయి దరఖాస్తు చూసిపెట్టమంటే నందిగామ వెళ్లాను. తిరిగి వస్తూ నాన్న పనిచేసే మార్టు దగ్గర ఆగాను, సరుకు దించుకుని లెక్క చూసే పని ఆయనది. వెనక తలుపు దగ్గర వ్యాను ఆగి ఉంది, మెడలో గుర్తింపు కార్డుతో నాన్న అటు తిరిగి నిలబడి ఉన్నారు. లోపలినుంచి ఎవరో ఆవిడ సగ్గుబియ్యం ఉన్నాయా అని అడిగింది. "లేవమ్మా, స్టాకు లేదు" అన్నారు నాన్న, తల తిప్పకుండా. నేను తలుపు పక్కనే ఆగిపోయాను. ఇద్దరు మనుషులు అట్టపెట్టెలు దించుతున్నారు, ఒక్కొక్కటీ నేల తాకగానే నాన్న లెక్కపెడుతున్నారు. ఒకటి అన్నారు. రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరు అన్నాక నేను తలుపు చెక్క గట్టిగా పట్టుకున్నాను. ఏడు అన్నారు, మామూలు గొంతుతోనే. తర్వాతి పెట్టె నేల తాకింది, ఎనిమిది అన్నారు.