చెరువు కాదు, గుంట

మా నాయన ముందు నోరెత్తినవాళ్లు మా ఇంట్లో లేరు. ఆయన మీద కోపమంతా కథగా రాశాను. అందులో రొయ్యల చెరువు గట్టు మీద ఒక తండ్రి, మేత ఒలకబోసిందని కుడిచేత్తో కూతురి చెంప పగలగొడతాడు. ఆయన కంటపడాలనే, ఆ కథ అచ్చయిన పత్రికను వసారాలో కుర్చీ మీద పెట్టి, ఏమంటాడోనని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

కళ్లజోడు సర్దుకుని చివరిదాకా చదివాడు. పెన్ను అడిగి, ‘చెరువు’ అన్న చోటల్లా కొట్టేసి ‘గుంట’ అని రాశాడు.

“చెరువంటే వరికి నీళ్లిచ్చేది మే. రొయ్యలది గుంట.”

నాకు ఒళ్లు మండింది. “ఇంకేం తప్పులుండాయి నాయనా?”

“కుడిచేత్తో కొట్టినాడని రాసినావే. ఆ పొద్దు కుడిచేతిలో మేత బకెట్ ఉండింది. కొట్టింది ఎడమచేత్తో.”

ఇరవై ఏళ్లుగా నా కోపమల్లా, ఆయనకు ఆ సంగతి గుర్తే లేదని.