రెండోసారి బాబూ, పాత నెత్తురు సీసా

పాలావిడ నెత్తురు సీసాను 'రెండోసారి బాబు' చెయ్యి జార్చి పగలగొట్టాడని వీధంతా చెప్పుకుంటోంది. శుద్ధ అబద్ధం. ఏదైనా రెండుసార్లు చూస్తే తప్ప నమ్మడనేగా వీధి అతనికి ఆ పేరు పెట్టింది, అలాంటి మనిషి చేతిలోంచి సీసా జారుతుందా? ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి లాగి చూస్తాడు. టీలో పంచదార సరిపోయిందా అంటే రెండో గుక్కదాకా నోరు విప్పడు. నచ్చిన సంబంధాన్నే రెండు వారాలాగి మళ్ళీ చూడబోతే, వాళ్ళు పిల్ల పెళ్ళిభోజనం పెట్టి పంపారు.

ఆసుపత్రి పరీక్షగదిలో అతని పనీ అంతే. పశువుల్ని పట్టే పిడుదులు మనిషిని కుడితే ఒక జ్వరం వస్తుంది. దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీలను అతను నెత్తుట్లో వెతుకుతాడు. అవి కనబడితే జబ్బు ఎప్పుడో సోకిందని తెలుస్తుంది కానీ, నిన్ననో నిరుడో తేలదు. అందుకని పాత నెత్తురునూ కొత్త నెత్తురునూ పక్కపక్కన పెట్టి చూస్తాడు.

"ఉందా లేదా చెప్పి చావవయ్యా!" అని వీధి పెద్దమ్మ ఒకసారి జ్వరంతో వెళ్ళి కేకలేసింది.

"ఉన్నట్టే ఉంది పెద్దమ్మా. రెండు వారాలాగి మళ్ళీ రా."

"అప్పటికి నేనుండాలిగా!"

"అదీ అప్పుడే చూద్దాం."

పాలావిడ విషయంలో మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ఆవిడ మొగుడు కొట్టం కప్పు మీంచి పడితే ప్లీహం చితికింది, కోసి తీసేశారు. ఆవిడే నెత్తురిచ్చింది. "నా నెత్తురుతోనే లేచి తిరుగుతున్నాడు" అని నెల్లాళ్ళు మురిసిపోయింది. అంతలో అతనికి ఆ పిడుదు జ్వరమే వచ్చింది. జబ్బుల్ని అడ్డుకునే ప్లీహం లేని ఒళ్ళు తట్టుకోలేదు. పదో రోజున పోయాడు.

చూస్తే ఆవిడ నెత్తుట్లోనూ యాంటీబాడీలు. మందులిచ్చారు, ఇక ఎవరికీ నెత్తురివ్వొద్దన్నారు. ఆవిడకవేవీ పట్టలేదు. ఆయన్ని పిడుదు కుట్టిందా, నా నెత్తురే చంపిందా? ఆ ఒక్కటే తేలాలి. నెత్తురిచ్చిన రోజున ఆసుపత్రిలో దాచిన సీసాలోనూ యాంటీబాడీలుంటే, జబ్బు ఆవిడనుంచే వెళ్ళిందనుకోవాలి.

రోజూ పొద్దున్నే పాలక్యానుతో వచ్చి కిటికీ దగ్గర నిలబడేది.

"చూశావా బాబూ?"

ఒకనాడు అతను తల దించుకున్నాడు. "ఆ సీసా లేదమ్మా."

"పగలగొట్టావా? చచ్చేదాకా నాకీ దిగులేనా?" అని క్యాను విసిరికొట్టింది. వీధి అతన్ని దుమ్మెత్తి పోసింది.

కొన్నాళ్ళకు పాలావిడ పెద్దమ్మ అరుగు మీద కూర్చుని, "పిడుదే కుట్టుంటుంది. ఇద్దరం ఆ కొట్టంలోనేగా పడుండేవాళ్ళం" అంది. పెట్టిన అన్నం ఆ రోజు మొత్తం తింది.

పెద్దమ్మ ఊరుకునే రకమా? సరాసరి పరీక్షగదికి వెళ్ళి బల్ల లాక్కుని కూర్చుంది.

"నిజం చెప్పు. సీసా పగిలిందా?"

అతను తలుపేశాడు. పడిందో లేదో మళ్ళీ లాగి చూశాడు.

"పగల్లేదు పెద్దమ్మా. పరీక్ష చెయ్యకుండా నేనే పారేశాను. నాకు తెలిసిపోతే ఆవిడ నా మొహంలో చదివేస్తుంది. ఏమీ తెలియని మొహమంటావా, అది నాకు పుట్టుకతోనే వచ్చింది."