చౌడు మిద్దె

కడపలో ఒక బడిలో పాఠాలు చెప్పే మా అమ్మాయి, పిల్లలకివ్వబోయే ప్రశ్నల కాగితాన్ని ముందు నా మీద ప్రయోగించింది. ఇంట్లో ఏసీలెన్ని, బండ్లెన్ని, పక్క వీధికి నడిచిపోతారా, మిగిలిన అన్నం ఏం చేస్తారు, ఇలాంటివి. మన రోజువారీ అలవాట్లతో ఎంత కర్బనం గాలిలో కలుస్తుందో దీనితో తేలుతుందట. నడక దగ్గర కాస్త మార్కులు తెచ్చుకున్నాను గానీ ఏసీల దగ్గర పెన్ను ఆగిపోయింది. కర్నూలు ఎండకు రెండు చాలక మూడోది తెప్పించాను. పెట్టె ఇంకా విప్పలేదు, నట్టింట్లో ఉంది. రెండని రాయనా, మూడని రాయనా? లేచి ఫ్యాను వేశాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను. ఆ పెట్టె చుట్టూ ప్రదక్షిణలు చేస్తే చల్లగాలి రాదని చెప్పి మా ఆవిడ లోపలికి పోయింది.

నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది మా పెద్దమ్మ. డోన్ దగ్గరి పల్లెలో ఆమెది మట్టి మిద్దె. దూలాల మీద బండలు, బండల మీద వాన దిగకుండా మందంగా చౌడు, అంటే ఉప్పు తేలిన మట్టి. ఏటా తొలకరికి ముందు బండ్లతో కొత్త చౌడు తోలించి పైన పరిచేవాళ్లు. రోజుకొక ఇంటి మిద్దె. వీధిలో అందరూ గంపలెత్తేవాళ్లు, ఆ పూట సంగటి ఆ ఇంటివాళ్లదే. సెలవుల్లో పోయిన నేను గంప మోయడం కంటే సంగటి తినడంలోనే పనిమంతుణ్ణి. మండు వేసవిలోనూ ఆ మిద్దె కింద ఫ్యాను లేకుండానే పగటినిద్ర పట్టేది.

ఉద్యోగం వచ్చాక ఆ ఇల్లు నాకు చిన్నతనంగా తోచింది. ఏటేటా మట్టి మోయించుకునే ఇల్లేమిటని పెద్దమ్మను ఒప్పించి, ఒక్క పొద్దులో కూల్పించి, స్లాబు వేయించాను. గృహప్రవేశం నాడు ఆమె ఇల్లంతా తిరిగి చూసింది.

"ఇల్లు శానా బాగుండాది నాయనా. ఎండాకాలం యాడ పండుకోవాల?"

ఫ్యాను చూపించి నవ్వాను. మరుసటి వేసవికి పోతే, గొడ్ల కొట్టంలో మంచం వేసుకుని ఉంది. ఏసీ పెట్టిస్తానన్నాను, వద్దంది. బతికినన్నాళ్లూ ఎండాకాలం పగళ్లు ఆ కొట్టంలోనే గడిపింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కాగితం పక్కన పడేసి మేస్త్రీకి ఫోన్ చేశాను, మా స్లాబు మీద చౌడు పరుస్తావా అని.

"స్లాబు మీద చౌడేస్తే ఉప్పు దిగి లోపలి ఇనుప కమ్మీలు తినేస్తాదప్పా," అన్నాడు.

తెల్ల సున్నమైతే కొట్టుకోవచ్చన్నాడు. మర్నాడు పొద్దున్నే బకెట్లో సున్నం కలుపుకుని నేనే పైకెక్కాను. రెండు పూతలు వేసి దిగేసరికి నడుము పట్టేసింది. మధ్యాహ్నం గదిలో కొంచెం తేడా తెలిసింది గానీ, అది పెద్దమ్మ మిద్దె కింది చల్లదనం కాదు. అయినా పెట్టెను దుకాణానికి తిప్పి పంపి, కాగితంలో రెండని రాశాను. మే నెల గడవనీ, అప్పుడు మాట్లాడదాం అంది మా ఆవిడ. నాకూ అంత ధైర్యమేమీ లేదు. మధ్యాహ్నమైతే చాలు, గోడకు చెయ్యానించి వేడి చూస్తూ గదులన్నీ తిరుగుతున్నాను. ఆ మిద్దెను కూల్చడానికి నాకు ఒక్క పొద్దు చాలింది, ఎండాకాలం యాడ పండుకోవాలన్న పెద్దమ్మకు జవాబు చెప్పడానికి ఇన్నేళ్లూ చాలలేదు.