చింపడానికి అచ్చువేసిన కార్డు

పోయిన వారం మా అచ్చాఫీసు యజమానిగారి పెద్దకర్మ కబురు ఫోనులోకి వచ్చింది. ఆయన పేరు మెలికలు తిరిగిన అక్షరాల్లో, పొడుగాటి తోకలతో, బంగారు రంగులో మెరుస్తుంటే ముందు ఎవరిదో పెళ్లిపిలుపు అనుకున్నాను. రెండోసారి చదివితేగాని ఆయన లేరన్న సంగతి మనసుకెక్కలేదు.

చోడవరంలో బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఉన్న ఆ అచ్చాఫీసులో నేను సీసపు అక్షరాలను గళ్లపెట్టెలోంచి ఒక్కొక్కటే ఏరి పేర్చేవాణ్ణి. ఒక ఏడాది పెళ్లిళ్ల రోజులకు ముందు ఆయన మద్రాసు నుంచి వంపుల టైపు ఒక పెట్టెడు తెప్పించారు. కలంతో రాసినట్టుండే అక్షరాలు, శుభలేఖల్లో వధూవరుల పేర్లకు మాత్రమే. ఇప్పుడు నాకు అలంకారం మీద అంత నమ్మకం లేదుగాని, అప్పట్లో ఆ టైపుతో కిరాణాకొట్టు రసీదు పేర్చమన్నా సంతోషంగా పేర్చేవాణ్ణి.

ఆయన కాగితం కొనడానికి అనకాపల్లి వెళ్లిన రోజున, కె.కోటపాడు వైపు రైతు ఒకాయన తన తండ్రి పెద్దకర్మ కార్డులు వేయమని వచ్చారు. సాయంత్రం బస్సుకి అందాలన్నారు. పోయిన పెద్దాయనకు మర్యాద చేద్దామనుకొని, పేరును వంపుల టైపులో పేర్చి కార్డులన్నీ అచ్చువేసేశాను. మా వైపు అశుభం కార్డు ఇంట్లో ఉంచుకోరు, చదవగానే చింపి బయట పడేస్తారు. అది తెలిసి కూడా నాకు తట్టలేదు.

రైతు ఒక కార్డు వెలుతురుకి పట్టుకొని చూశారు. "ఏటి బాబూ, మా అయ్యకి మళ్లీ పెళ్లి సేస్తన్నామా?" అని నవ్వబోయి, కళ్లు తుడుచుకున్నారు. "ఇంత సోకుగా ఉంటే ఎవులు సింపుతారు? సావు కార్డు జనాన్ని ఇంట్లో ఎట్టుకోమంటావా?"

అప్పుడే యజమానిగారు బస్సు దిగి వచ్చారు. నాకు కొత్తగా పెళ్లయింది, పని పోయిందని ఇంట్లో ఎలా చెప్పాలా అని అప్పటికే ఆలోచిస్తున్నాను. ఆయన కార్డు చూసి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, "ఒరే, నిలబడి సూస్తావేటి, ఆ పేరు ఇప్పు" అన్నారు, అంతే. మామూలు అక్షరాలు తానే ఏరి పేర్చారు, నేను మిషను తొక్కాను. కార్డుల సిరా ఆరకముందే బస్సు వచ్చి ఆగింది.

కండక్టరు ఆ పెద్దాయన్ని ఎరిగున్నవాడు. రైతు మొదటి కార్డు అతని చేతిలోనే పెట్టారు. అతను నిలబడి చదివి, రెండు ముక్కలుగా చింపి రోడ్డు పక్కన వదిలి, అప్పుడు ఈల ఊదాడు. గుమ్మంలోంచి చూస్తున్న యజమానిగారు "ఇప్పుడు కుదిరింది" అన్నారు.

తరవాత ఎన్నో శుభలేఖలు పేర్చాను, వాటిని మెచ్చుకొని దాచుకున్నవాళ్లూ ఉన్నారు. అయినా నా చేతిపనిలో అన్నిటికంటే ముందు తృప్తిగా తలుచుకునేది ఆ కాగితం చిరిగిన చప్పుడునే. ఇప్పుడు ఫోనులో పెళ్లికీ చావుకీ ఒకే రకం అక్షరాలు సరిపోతున్నాయి, అందంగానే ఉంటున్నాయి, పిల్లలు క్షణంలో చేసేస్తున్నారు, నేను తప్పుపట్టను. చదివినవాడు ఒక నిమిషం ఆగి తన చేత్తో చేయవలసిన పని మాత్రం ఏదీ మిగల్లేదు.